యూదుల ఇంటికి ఏ బట్టలు పెట్టాలి?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని కానుక బట్టల గురించి మాట్లాడమన్నారు. మనకిది కొత్త విషయమేమీ కాదు. పురుడు, పుట్టువెంట్రుకలు, పెళ్లి, చివరికి దినవారాలు, దేనికైనా బట్టలు పెట్టే జాతి మనది. పెట్టేది మనమే, నేసేదీ మనమే. అందుకే బట్ట విషయంలో మనకు ఒకరు చెప్పేదేముంటుందని మేమూ అనుకునేవాళ్లం. ఆ గర్వాన్ని ఒక ముసలామె రెండు నిమిషాల్లో దించేసింది. ఆ సంగతి చెబుతాం.

మా తాత కరీంనగర్ వైపు నుంచి బొంబాయి మిల్లుల్లో పనికి వచ్చాడు. సాత్ రస్తా దగ్గర చాల్‌లో ఒక గది. ఆ చుట్టుపక్కల, భాయ్‌ఖళా దాకా, అప్పట్లో యూదుల ఇళ్లు చాలా ఉండేవి. మరాఠీ మాట్లాడే యూదులు. వాళ్లని బెనె ఇజ్రాయెల్ అంటారు. కొంకణ తీరంలో, అలీబాగ్ వైపు పల్లెల్లో తరతరాలుగా నూనె గానుగలు ఆడించి బతికినవాళ్లు. శనివారం గానుగ కట్టేవాళ్లు కాదు కాబట్టి ఊళ్లో వాళ్లని ‘శనివార్ తేలీ’ అని పిలిచేవారు. అంటే వాళ్లదీ మనలాగే చేతిపనితో పేరు పడిన సంఘమే. ఇంటిపేర్లు కూడా ఊరి పేరు మీదే, దివేకర్, నవ్‌గావ్‌కర్ అని. బొంబాయిలో వాళ్ల మొదటి ప్రార్థనా మందిరం 1796లో కట్టారు. బాగ్దాద్ నుంచి వచ్చిన యూదులు వేరు. సాసూన్ కుటుంబం వాళ్లది. తర్వాత ఇండియా యునైటెడ్ అని పేరు పడిన మిల్లులు ఆ సాసూన్లవే. మనవాళ్ల తాతలు ఎందరో ఆ సాంచాల మీద నిలబడ్డవాళ్లే. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన తర్వాత బెనె ఇజ్రాయెల్ వాళ్లలో ఎక్కువమంది అక్కడికి వెళ్లిపోయారు. కొద్దిమంది ఉండిపోయారు.

అలా ఉండిపోయినవాళ్లలో మా పక్కింటి ఆజీ ఒకరు. బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యారు. మా నాన్నకు లెక్కలు నేర్పింది ఆమే. మాలీదా చేసిన రోజు పళ్లెం మా ఇంటికి తప్పకుండా వచ్చేది. అటుకులు, బెల్లం, కొబ్బరి కలిపి, పళ్లు చుట్టూ పేర్చి ఏలియా ప్రవక్త పేరు మీద చేసే మొక్కు అది. ఆమె మనవడికి పదమూడేళ్లు నిండుతున్నాయి, బార్ మిత్స్వా చేస్తున్నాం, మీరంతా రావాలి అని పిలిచారు. మగపిల్లాడు పదమూడో ఏట పెద్దవాడైనట్టు లెక్క. ఆ రోజు నుంచి ధర్మం వాడి నెత్తి మీదే. మందిరంలో అందరి ముందూ వేదం చదువుతాడు. మనవాళ్ల ఒడుగు లాంటిదనుకోండి.

ఆ పిల్లవాడికి శాలువ ఇస్తారని తెలుసు మాకు. తల్లీత్ అంటారు. ప్రార్థన చేసేటప్పుడు కప్పుకునే నాలుగు మూలల బట్ట. ఇంకేం, నేతోళ్ల ఇంటి పక్కన ఉండి బజారు శాలువ ఎందుకు కొనాలి అనుకున్నాం. షోలాపూర్‌లో మా పెద్దనాన్న ఇంట్లో గుంటమగ్గం ఇంకా ఆడుతోంది. ఆయనకు చెప్పాం. పడుగు లినెన్, అంటే అవిసె నార నూలు. పేక లుధియానా నుంచి తెప్పించిన మెత్తటి ఉన్ని. రెండూ ఖరీదైనవే. రెండూ కలిస్తే ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుందని లెక్క. అంచున నల్లపట్టీలు, కొసల్లో కుచ్చులు మా పెద్దమ్మే ముడి వేసింది. ఇరవై రోజుల పని. తీసుకెళ్లి ఆజీ చేతిలో పెట్టాం.

ఆమె అంచు రెండు వేళ్ల మధ్య పెట్టి రుద్దింది. వెలుగులోకి ఎత్తి చూసింది. ‘ఇందులో ఏముంది?’ అని అడిగింది. మేం గొప్పగా చెప్పాం. ఆమె శాలువను మెల్లగా మడిచి ఒళ్లో పెట్టుకుని, ‘నాయనా, ఇది వాడు వేసుకోకూడదు’ అంది.

ఆమె చెప్పిన సంగతి ఇది. గొర్రె ఉన్ని, అవిసె నార, ఈ రెండూ కలిసిన బట్ట యూదులు ధరించకూడదు. తోరాలో ఆ నిషేధం ఉంది, షాత్నెజ్ అంటారు. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో పదకొండో వచనంలో ఆ మాట, పన్నెండో వచనంలో నాలుగు మూలల బట్టకు కుచ్చులు కట్టమన్న మాట, పక్కపక్కనే ఉన్నాయి. ఎందుకు కలపకూడదో కారణం అక్కడ చెప్పలేదు. పత్తి, ఉన్ని కలపొచ్చు. పట్టు, అవిసె కలపొచ్చు. పట్టు, ఉన్ని కూడా కలపొచ్చు. ఈ జంట ఒక్కటే కూడదు. పూర్వం దేవాలయంలో యాజకుల నడికట్టులో మాత్రం రెండూ కలిసి ఉండేవట. లోకంలో ఉన్న నూళ్లన్నిటిలో మేం ఏరి ఏరి ఆ రెండింటినే కలిపి, ఇరవై రోజులు కష్టపడి నేశాం.

మా నాన్నకు మాట రాలేదు. ‘ముందే అడగాల్సింది ఆజీ’ అన్నాడు. ‘నేనూ చెప్పాల్సింది. మీరు తెస్తున్నారని నాకు తెలిస్తే కదా’ అందామె. ఆశ్చర్యంగా ఇవ్వాలన్న సరదాతో వచ్చిన తంటా ఇది. మనలో కూడా ఆడపడుచుకు చీర పెట్టే ముందు రంగు అడుగుతాం, నలుపు పనికిరాదని చూసుకుంటాం. అవతలివాళ్ల ఇంట్లో ఏది పనికిరాదో అడగడానికి మాత్రం మనకు నామోషీ.

పండుగకు ఇంకా పదిహేను రోజులుంది. పెద్దనాన్నకు ఫోన్ చేస్తే, కాసేపు తిట్టి, ‘ఉన్ని మిగిలింది. పడుగు కూడా దాంతోనే చేస్తా’ అన్నాడు. ఉన్ని పడుగు చేతిమగ్గం మీద ఎంత సతాయిస్తుందో మీకు చెప్పక్కర్లేదు. సాగుతుంది, నూగు లేచి అచ్చులో పట్టుకుంటుంది. గంజి పలచగా పట్టించి, తడి ఆరకముందే నేశాడు. తొమ్మిది రోజుల్లో దించాడు. మళ్లీ ఇంకో పొరపాటు జరగబోయింది. మూలలు చినగకుండా అదనపు గుడ్డ ముక్కలు వేసి కుట్టాలి. ఆ కుట్టుకి పెద్దనాన్న చేతికందిన లినెన్ దారమే సూదికి ఎక్కించాడు. ఆజీ ముందురోజే చెప్పింది కాబట్టి బతికాం: కుట్టు దారం కూడా లెక్కే. ఈ మాట షోలాపూర్‌లో యూనిఫారాలు, కోట్లు కుట్టే మనవాళ్లు గుర్తుంచుకోవాలి. ఉన్ని కోటు కాలర్ లోపల పెట్టే కాన్వాసులో అవిసె నార ఉంటే ఆ కోటు వాళ్లకు పనికిరాదు. విదేశాల్లో కోట్లు విప్పి చూసి, ఉందో లేదో తేల్చి చెప్పే పరీక్షా కేంద్రాలే ఉన్నాయి.

ఇప్పుడు కుచ్చుల సంగతి. మన ఆడవాళ్లు చీర కొంగులకు కుచ్చులు కట్టి పిల్లల్ని చదివించుకుంటున్నారు. అందుకే ఈ భాగం కొంచెం వివరంగా చెప్తాం.

మనకు కుచ్చు అంటే పడుగు కొసలే. తల్లీత్‌కు వెడల్పు అంచున అలాంటి కుచ్చు ఉంటుంది కానీ అది ఒట్టి అందం. అసలైనవి నాలుగు మూలల్లో రంధ్రం చేసి విడిగా కట్టేవి. వాటిని త్సిత్సిత్ అంటారు. ఒక్కో మూలకు నాలుగు పోగులు. వాటిలో ఒకటి పొడుగు. రంధ్రంలోంచి తీసి మడిస్తే ఎనిమిదవుతాయి. రెండేసి ముడులు ఐదు చోట్ల, ఆ ముడుల మధ్య పొడుగు పోగుతో చుట్లు. ఎక్కువగా కనిపించే పద్ధతిలో 7, 8, 11, 13 చుట్లు. మొత్తం 39. వేరే ప్రాంతాల వాళ్ల లెక్క వేరే. ఆ పోగు వడికేటప్పుడే ‘ఇది త్సిత్సిత్ కోసం’ అని సంకల్పం చెప్పుకుని వడకాలి. మామూలుగా వడికిన నూలు ఎంత సన్నగా, ఎంత గట్టిగా ఉన్నా చెల్లదు. కట్టేది కూడా యూదులే అయి ఉండాలి. మా పెద్దమ్మ కట్టిన ముడులు చూసి ఆజీ ‘చేతిపని బంగారం’ అంది, కానీ విప్పేసింది. ‘గుడ్డ మీరు నేయండి, కుచ్చులు మేం కట్టుకుంటాం’ అంది. ఆ పిల్లవాడి మామ ఇజ్రాయెల్ నుంచి పోగులు తెచ్చాడు. ఆజీ ఇంట్లో బల్ల మీద శాలువ పరిచి అంతా కూర్చుని కట్టారు. మా పెద్దమ్మ పక్కనే కూర్చుని, చుట్టు వదులైన చోటల్లా వేలు చూపిస్తూనే ఉంది. ముట్టుకోలేదు.

ఆ పోగుల్లో ఒకటి నీలం. తెఖేలెత్ అనే రంగు. దాని కథ అద్దకం పనివాళ్లు వినాల్సిందే. ఆ నీలం సముద్రపు నత్తలోంచి తీయాలి. ఏ ప్రాణి నుంచి తీసేవారో ఆ తెలివి వెయ్యేళ్లకు పైగా మరుగున పడిపోయింది. దాదాపు అన్నాళ్లూ యూదులు తెల్లపోగులతోనే సరిపెట్టుకున్నారు, ఇప్పటికీ చాలామందివి తెల్లవే. ఒక జాతి నత్త మీద అనుమానం ఉండేది కానీ దాని రంగు ఊదాగా దిగేది. 1980లలో షెంకర్ కళాశాలలో ఓటో ఎల్స్నర్ అనే రసాయనవేత్త ఒకటి గమనించాడు. రంగు తొట్టిలో కరిగి ఉన్నప్పుడు ఎండ తగిలితే ఊదా పోయి శుద్ధ నీలం దిగుతోంది. తొట్టి మీద మూత పెట్టాలా తీయాలా అన్నంత చిన్న సంగతి! అలా దిగిన నీలం రసాయనం ఏమిటనుకున్నారు? ఇండిగో. మన నీలిమందులో ఉన్నదే. కంటికి రెండూ ఒకటే.

ఒకటే అయినా ఒకటి కాదు. నీలిమందు పోగు కట్టుకుని ఇది తెఖేలెత్ అని చెప్పుకునేవాణ్ని దేవుడు విడిచిపెట్టడని వాళ్ల తాల్ముద్‌లో పూర్వం నుంచీ ఉంది. కళ్లు కనిపెట్టలేని మోసం కాబట్టే అంత గట్టిగా చెప్పారని ఆజీ అనేది. ఆ మాట విన్నప్పుడు మాకు మన బజారే గుర్తొచ్చింది. సాంచా మీద నేసిన చీరను చేమగ్గం చీర అని అమ్మడం మనలో లేదా? మేం సాంచాలను తప్పు పట్టడం లేదు. మా చిన్నాన్న వాళ్లవి భివండిలో ఎనిమిది సాంచాలు, మేం తిన్న అన్నంలో ఆ చప్పుడు ఉంది. చేనేత గుర్తు ముద్ర 2006లో వచ్చింది. ముద్ర ఉన్నా అబద్ధం ఆడేవాడు ఆడుతూనే ఉన్నాడు. సాంచాది సాంచాదని, మగ్గానిది మగ్గానిదని చెప్పి అమ్మితే ఏం పోతుంది? ఆజీ మమ్మల్ని ‘ఇందులో ఏముంది’ అని అడిగిన రోజు మేం నిజం చెప్పాం కాబట్టి సరిపోయింది. ‘అంతా ఉన్నే ఆజీ’ అని ఉంటే, ఆ పిల్లవాడు తెలియక ప్రతి ప్రార్థనకీ నిషిద్ధమైన బట్ట కప్పుకునేవాడు. మాకు తెలిసేది కాదు, వాళ్లకూ తెలిసేది కాదు.

మిగతా శుభకార్యాలు తొందరగా చెప్పేస్తాం, భోజనాల వేళవుతోంది.

పుట్టకముందే బిడ్డకు బట్టలు కొనడం వాళ్లలో చాలామంది ఇష్టపడరు. మన అమ్మమ్మల మాటే. మగబిడ్డకు ఎనిమిదో రోజు సున్తీ. ఆ తర్వాత పెట్టుకోవచ్చు, మెత్తటి నూలు బట్టయితే మంచిది. జర్మనీ యూదుల్లో ఒక పాత ఆచారం ఉంది. ఆ రోజు బిడ్డను చుట్టిన గుడ్డను పట్టీలుగా కోసి, కలిపి కుట్టి, పేరు, పుట్టిన తేదీ, దీవెన దాని మీద కుట్టుపూలతో రాసి, మందిరంలో తోరా చుట్టకు కట్టడానికి ఇస్తారు. పొత్తిగుడ్డ గ్రంథానికి కట్టు అవుతుంది. కొన్ని సంప్రదాయాల్లో మూడో ఏట పుట్టువెంట్రుకలు తీసి, పిల్లవాడికి తలమీద కిప్పా, చొక్కా లోపల వేసుకునే చిన్న కుచ్చుల బట్ట ఇస్తారు. కిప్పా మనవాళ్లు కుట్టడానికి చాలా వీలైన వస్తువు. చీరలు కోసినప్పుడు మిగిలే పట్టు ముక్కలు నాలుగో ఆరో తొనలుగా కలిపితే సరి. పెళ్లిళ్లలో వచ్చినవాళ్లందరికీ పేరు, తేదీ వేయించి పంచుతారు. కిప్పాకు, మెడలో వేసుకునేదానికి బొమ్మలు వద్దు. మన దేవుళ్ల బొమ్మలు, సిలువ అసలే వద్దు. హీబ్రూలో దేవుడి పేరు నేయకండి. ఆ పేరున్నది పారేయకూడదు, నేల మీద పెట్టకూడదు, వాళ్లకు ఇబ్బంది. పిల్లవాడి పేరు నేయాలంటే కాగితం మీద వాళ్ల చేత్తోనే రాయించుకోండి. ఆ లిపి కుడి నుంచి ఎడమకు. జకార్డ్ అట్టలు కొట్టేవాడికి ముందే చెప్పకపోతే పేరు తిరగబడుతుంది.

ఆడపిల్లకు పన్నెండో ఏట బాత్ మిత్స్వా. కొన్ని సమాజాల్లో ఆడపిల్లలూ తల్లీత్ వేసుకుంటారు, కొన్నింటిలో వేసుకోరు. వేసుకునే ఇంట మన పట్టు బాగా నప్పుతుంది. వేసుకోని ఇంట పట్టు ఓణీ కానీ, మెడలో గొలుసుకు నక్షత్రమో, ‘ఖాయ్’ అన్న అక్షరాలో. ఖాయ్ అంటే ప్రాణం. ఆ అక్షరాల విలువ కలిపితే 18. అందుకే వాళ్లు చదివింపులు 18, 36, 180 ఇలా వేస్తారు. మనం నూటపదహార్లు వేసినట్టు. మగవాళ్లకు మామూలుగా కప్పుకోను నాలుగు మూలల శాలువ ఇస్తే కుచ్చుల పేచీ వస్తుంది. ఒక మూల గుండ్రంగా కోసి కుడితే తీరిపోతుంది.

ఇచ్చే వేళ కూడా చూసుకోవాలి. శుక్రవారం పొద్దు గూకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా నిష్ఠగా ఉండే ఇంట్లో డబ్బు ముట్టరు, వీధిలో మోసుకెళ్లరు. బార్ మిత్స్వా తరచు శనివారమే ఉంటుంది. ముందే ఇచ్చేయాలి.

పెళ్లిలో వరుడికి తల్లీత్ పెట్టడం చాలా చోట్ల ఆడపెళ్లివారి వంతు. యూరప్ యూదుల్లో కొందరు పెళ్లయ్యే దాకా తల్లీత్ కప్పుకోరు. కాబట్టి ఎవరి ఆచారం ఏదో అడగకుండా బార్ మిత్స్వాకే ఇస్తే బీరువాలో పడి ఉంటుంది. తెల్లటి అంగీ కూడా కొందరు వేస్తారు, కిట్టెల్ అంటారు. బెనె ఇజ్రాయెల్ పెళ్లికూతురికి ముందురోజు మెహందీ, గాజులు, పెళ్లికి తెల్ల చీర. మన మధుపర్కాలు గుర్తొస్తాయి. ఉంగరానికి రాళ్లు ఉండవు. విలువ ఎంతో అందరికీ తేటగా తెలియాలని సాదా లోహమే. మన పెళ్లిలో ఇద్దరి మధ్య తెర పడితే, వాళ్ల పెళ్లిలో ఇద్దరి మీదా బట్ట పందిరి. హుప్పా. కొందరు నాలుగు కర్రలకు తల్లీత్‌నే కడతారు.

ఆజీ తర్వాత కొడుకు దగ్గరికి ఇజ్రాయెల్ వెళ్లిపోయింది. రెండేళ్ల కిందట ఆ పిల్లవాడి పెళ్లి ఫోటో వచ్చింది. పైన పందిరిగా కట్టింది మా పెద్దనాన్న నేసిన రెండో శాలువే. నల్లపట్టీలు గుర్తుపట్టాం. ఆయనకు చూపిస్తే అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, ‘నడిమిట్ల జారింది. పేక ఇంకొంచెం దగ్గరగ కొట్టాల్సుండె’ అన్నాడు.

చివరి బట్ట గురించి కూడా చెప్పాలి, అది లేకుండా ఈ వరస పూర్తి కాదు. చనిపోయినప్పుడు అందరికీ ఒకే రకం తెల్లటి సాదా బట్టలు. జేబులు ఉండవు. ఒకప్పుడు శవానికి ఖరీదైన బట్టలు వేయలేక పేదవాళ్లు అల్లాడిపోతుంటే, రబ్బాన్ గమాలియేల్ అనే పెద్ద గురువు తనను మామూలు నార బట్టలో పూడ్చమన్నాడట. అప్పటి నుంచి గొప్పింటివాళ్లకూ అదే పద్ధతి. మగవాళ్లకు పైన వాళ్ల తల్లీత్ కప్పుతారు. ఒక మూల కుచ్చు తీసేస్తారు. ఇక ఆచరించే పని లేదని గుర్తు. ఆజీ భర్త పోయినప్పుడు కోసిన కుచ్చు ఆమె చిన్న డబ్బాలో దాచుకుంది. ఒకసారి చూపించింది. పసుపుబారిన ఎనిమిది పోగులు. చావు ఇంటికి ఏడు రోజులూ బట్టలు తీసుకెళ్లకండి. ఆ ఇంట దగ్గరివాళ్లు తొడుక్కున్న బట్టనే చింపుకుని కూర్చుంటారు. అన్నం వండి తీసుకెళ్లండి. వాళ్ల ఆహార నియమాలు అడిగి మరీ.

మనవాళ్లలో కొందరికి ఇజ్రాయెల్ నుంచి, అమెరికా నుంచి ఇలాంటి బట్టలకు ఆర్డర్లు రావచ్చు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే కుటుంబాలే యూదాచారం పాటిస్తున్నాయి, అక్కడికైతే తెలుగులోనే అడగొచ్చు. ఎవరు అడిగినా పడుగు ఏది, పేక ఏది, కుట్టు దారం ఏది అన్నది చీటీ మీద రాసి బట్టతో పాటు పెట్టండి.

ఆ మొదటి శాలువ ఇంకా మా దగ్గరే ఉంది. ఆజీ వెనక్కి ఇచ్చేటప్పుడు ‘మీ ఇంట్లో ఎవరైనా కప్పుకోవచ్చు, మీకు నిషేధం లేదు కదా’ అంది. చలికాలం మా అమ్మ కప్పుకుంటుంది. చిమ్మెట పట్టకుండా ఎండు వేపాకు వేసి పెడతాం. ఇవాళ తెచ్చాం, వెనక బల్ల మీద ఉంది. భోజనాలయ్యాక వచ్చి పట్టి చూడండి. పడుగు మీద నొక్కి పట్టకండి, పాతబడింది.